ఒక్క ఇంటి వరకు

ఆ వేసవంతా మా ఆయన కోర్టులో వాన కోసం వాదించాడు. కాగితాల నిండా రాజ్యాంగం, అధికరణలు, పాత తీర్పులు బోలెడన్ని ఉన్నాయి. కానీ వాటన్నిటి అడుగునా ఉన్న మొర ఒక్కటే: తొలివాన పడేదాకా ఆగండి మహాప్రభో అని.

మా కక్షిదారులు కొండవాళ్ళు. వాళ్ళ లోయ కింద ఖనిజం ఉందని తేలింది. ఊరివాళ్ళ సమ్మతి లేకుండా లోయను గనికి ఇవ్వకూడదని చట్టం చెబుతోంది. అధికారులు ఆ వేసవి మొదట్లో వచ్చి, ఖాళీగా ఉన్న ఇళ్ళ మధ్య నిలబడి, సమ్మతి దొరికిందని రాసుకుని పోయారు. ఎండాకాలంలో ఆ ఊళ్ళో మనిషి దొరకడు. నడవగలిగిన వాళ్ళంతా చిన్న చిన్న గుంపులుగా జిగురుకూ తేనెకూ కొండల మీదికి పోతారు. తొలివానకు గానీ దిగిరారు. ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళూ చంటిపిల్లలూనే.

వాళ్ళు ఏదైనా తేల్చుకునే పద్ధతి కూడా వేరు. ఊరంతా ఒకచోట కూర్చోవాలి. ఒక్కొక్కరినీ అడగాలి. ఎవరి మాట వాళ్ళే చెప్పాలి. మొగుడి తరఫున పెళ్ళాం చెప్పదు, తల్లి తరఫున కొడుకు చెప్పడు. ఒక్క మనిషి రాకపోయినా సభ ఆగిపోతుంది. గని మాట మొదటిసారి వినబడగానే, మాకు వకాలతు ఇవ్వడానికి కూడా అంతకుముందు వానాకాలంలో అలాగే కూర్చున్నారు. ఆ సభ ఎంతసేపు సాగిందో, చాపమీద కూర్చున్న నా నడుముకే తెలుసు. ఈసారీ వాన పడి, వాళ్ళు దిగివచ్చి, అలా కూర్చుంటే చాలు. సమ్మతి ఉందో లేదో అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది. అందుకే, పనులు ఆపమని తెచ్చుకున్న స్టే నిలవాలి. వానదాకా, అంతే.

మా ఇంటి ముందుగదే మా ఆఫీసు. ఇద్దరం ప్లీడర్లమే. ఆయన వాదిస్తాడు, నేను రాస్తాను. గుమ్మం దగ్గర కుర్చీలో అత్తయ్య కూర్చుంటుంది, వచ్చినవాళ్ళ కథలన్నీ చెవులప్పగించి వింటుంది. "ఈ ఇంట్లో అన్నం కన్నా అఫిడవిట్లే ఎక్కువ ఉడుకుతాయి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. కొడుకంటే ఆమెకు ప్రాణం. కోర్టులో ఆయన ఒక మాట అన్నాడంటే ఎదుటి పక్షం వాళ్ళు కూడా నమ్ముతారని, అది ఎవరికో గానీ దక్కదని, నాకు తెలియనట్టు నాకే చెప్పేది.

కోర్టుకు వేసవి సెలవులిచ్చే ముందు పెద్దమ్మను తీసుకుని పంతులు వచ్చాడు. పెద్దమ్మ అంటే ఆ ఊరికి పెద్ద దిక్కు. ఆ వేసవి కొండ ఎక్కకుండా పిల్లల్ని చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయింది. పంతులు పక్క కొండవాడు, ఆ ఊరి బడిలో పనిచేస్తాడు. ఆమె భాష మాకు రాదు కాబట్టి మధ్యలో అతనే దిక్కు.

"సెలవుల్లో వేరే జడ్జిగారు వింటారు పెద్దమ్మా. కాస్త కరుకు మనిషే. అయినా నేనున్నానుగా" అన్నాడు మా ఆయన.

ఆమె ఏదో అడిగింది.

"ఆ జడ్జిగారు ఏమన్నా అడిగితే మీరేం చెబుతారు అంటోంది సార్."

"మీకు ఇష్టం లేదని చెబుతాను. ఇంకేం చెబుతాను?"

పంతులు చెప్పాడు. పెద్దమ్మ ఆయన వైపు కాసేపు చూసి, నెమ్మదిగా రెండు ముక్కలంది.

"మేమింకా ఏమీ చెప్పలేదుగా అంటోంది."

మా ఆయన పకపకా నవ్వాడు. "చూశావా, ఈవిడ జడ్జిగా ఉండాల్సింది" అన్నాడు నాతో. అత్తయ్యా నవ్వింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. మంచినీళ్ళు తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

*

సెలవుల కోర్టంటే సగం బల్లలు ఖాళీ. తలమీద ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి పైనే ఉండిపోతుంది. నల్లగౌన్ల లోపల అందరం చెమటతో నానిపోతున్నాం. మా కేసు పిలిచారు. మా ఆయన లేచాడు. పక్కన నేను కాగితాలు అందిస్తూ నిలబడ్డాను.

సమ్మతి అంటే ఏమిటో ఆయన ఆ రోజు చెప్పినట్టు నేను ఎక్కడా వినలేదు. అడగకుండా రాసుకున్న సమ్మతి దొంగసంతకం కన్నా నీచమన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. జడ్జిగారు గడియారం వంక చూశారు.

"బాగానే ఉందండీ. కానీ ఎన్నాళ్ళీ స్టే? ప్రభుత్వం వేరే చోట భూమి చూపిస్తామంటోంది. మీవాళ్ళు దానికి సుముఖమా, కాదా? నాకు ఒక్క మాట చెప్పండి. కాదంటే ఇప్పుడే స్టే ఎత్తేస్తాను, మీరు పైకోర్టుకు పోవచ్చు."

పైకోర్టుకూ సెలవులే. స్టే ఎత్తేస్తే తెల్లారేసరికి లోయలో యంత్రాలుంటాయి.

ఈ వృత్తిలో ఒక అలవాటుంది. జడ్జిగారి ముఖం చూసి, కేసు చేజారిపోతోందని తెలియగానే ఏదో ఒకటి కొంచెం వదులుతాం. వదిలి, ఒక తేదీ సంపాదిస్తాం. తేదీ ఉంటే ఊపిరి ఉన్నట్టే. మా ఆయన అలా ఎన్ని ఊళ్ళను నిలబెట్టాడో నాకు తెలుసు. ఆయన ముఖంలో ఆ ఆలోచన రావడం నేను చూశాను. చూసి, వెనకనుంచి గౌను పట్టుకుని గట్టిగా లాగాను. ఆయన నా చెయ్యి విదిలించేశాడు.

"సుముఖంగానే ఉన్నారండీ. భూమి వివరాలు చూసుకోవడానికి గడువిప్పించండి."

జడ్జిగారు తల ఊపి గుమాస్తాకు చెప్పి రాయించారు. మూడు వారాలు ఇచ్చారు. బయటికి రాగానే తోటి ప్లీడర్లు ఆయన భుజం తట్టారు. ఆ జడ్జి దగ్గర మూడు వారాలంటే మాటలు కాదన్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. వాళ్ళు అటు వెళ్ళేదాకా ఆగి, "ఎవర్నడిగి చెప్పారు?" అన్నాను.

"ఎవర్నడగను? కొండెక్కి చెట్టూ చెట్టూ తిరిగి అడిగొస్తాను ఆగండి అననా జడ్జితో?"

"మన కేసే అది కదండీ. అడక్కుండా చెప్పారనే కదా మనం అవతలివాళ్ళను నిలదీసింది!"

"భూమి చూస్తామన్నాను. తీసుకుంటామన్నానా? మూడు వారాల్లో వాన పడుతుంది. సభ జరుగుతుంది. అంతా సర్దుకుంటుంది. ప్రతిదానికీ బెంబేలు పడిపోతావు నువ్వు."

ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన నా కళ్ళలోకి చూడలేదు.

*

ఉత్తర్వు నకలు చేతికొచ్చాక చూస్తే, సుముఖత కాస్తా పెరిగి పెద్దదై కూర్చుంది. 'పిటిషనర్లు తరలింపుకు సూత్రప్రాయంగా అంగీకరించినట్టు వారి న్యాయవాది తెలియజేశారు' అని ఉంది. ఆ వాక్యం పట్టుకుని సర్వేవాళ్ళు లోయలోకి దిగారు. ఇంటింటి తలుపు మీదా ఎర్రరంగుతో అంకెలు వేశారట. పంతులు కొండ ఎక్కి, సిగ్నలు దొరికేచోట నిలబడి ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, మనవాళ్ళే ఒప్పుకున్నారని చెబుతున్నారు. కాగితం చూపిస్తున్నారు. నిజమేనా?"

 కనుక్కుని చెబుతానని పెట్టేశాను. వాన జాడ లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

దారి ఒక్కటే మిగిలింది. ఆ మాట చెప్పడానికి తనకు అధికారం లేదని, కక్షిదారులను అడక్కుండా తన అంతట తానే చెప్పానని మా ఆయన ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. అప్పుడు గానీ ఆ వాక్యం పోదు. ఆ అఫిడవిట్ నేనే రాశాను. అంత చిన్న కాగితం రాయడానికి నాకెప్పుడూ అంతసేపు పట్టలేదు. రాసి ఆయన బల్లమీద పెట్టాను.

చదివి, దూరంగా నెట్టేశాడు.

"దీనిమీద సంతకం పెడితే నా పనేమవుతుందో తెలుసా? కోర్టుకు అబద్ధం చెప్పానని రాసిస్తున్నాను. గౌను ఊడబెరికేస్తారు."

"తెలుసు."

"గౌను పోతే పోనీ. ఆ అలమారలో ఇంకెన్ని ఊళ్ళున్నాయో చూడు. వాళ్ళందరికీ నా మాటే కదా దిక్కు? రేపటి నుంచి నా మాట ఏ జడ్జి వింటాడు? ఈ ఒక్క లోయ కోసం వాళ్ళందర్నీ ముంచమంటావా?"

అలమార వైపు చూశాను. ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ తలుపుల మీద ఎర్ర అంకెలు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

"సరే. మీరివ్వకపోతే పెద్దమ్మ దగ్గర నేను విడిగా వకాలతు తీసుకుంటాను. మీకు అధికారం లేదని నేనే లేచి చెబుతాను."

"నామీదే?"

"మీమీదే."

రోజులు గడిచాయి. కాగితం ఆ బల్లమీదే ఉంది. ఆయన దాని పక్కనే కూర్చుని వేరే కేసులు చదివాడు, దానిమీద టీ గ్లాసు మాత్రం పెట్టలేదు. అత్తయ్య నాతో మాట్లాడడం మానేసి, నాకు వినబడేలా గోడతో మాట్లాడింది. "పెళ్ళాం చేత పరువు తీయించుకోవడానికా వీడు ఇంత చదువు చదివింది" అని గోడకు చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కినా, ఆ గోడలాగే నేనూ నోరెత్తలేదు.  వాయిదా తేదీ దగ్గరికొస్తోంది, వాన రావడం లేదు, ఆయన కదలడం లేదు.

వాయిదాకు ముందురోజు పెద్దమ్మ వచ్చింది. వెంట పంతులు. ఈసారి మంచినీళ్ళు కూడా తీసుకోలేదు. నిలబడే అడిగింది.

"ఆ మాట అన్నది నువ్వేనా అంటోంది సార్" అన్నాడు పంతులు.

మా ఆయన మొదలుపెట్టాడు. జడ్జిగారి స్వభావం, పైకోర్టు సెలవులు, గడువు విలువ, ఒక అడుగు వెనక్కి ఎందుకు వేయాల్సి వచ్చిందో. పంతులు ఒక్క ముక్క వదలకుండా చెప్పుకుపోయాడు. ఆమె తల వంచుకుని ఓపిగ్గా అంతా వింది. ఆయన ఆపాక మళ్ళీ అదే అడిగింది. పంతులు దాన్ని తిప్పి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"అన్నాను" అన్నాడు మా ఆయన.

ఆమె తల ఊపింది. కోపం చేయలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తెలుసుకోవడానికే వచ్చిందట, తెలిసిందట. అదే చెప్పి కింద కూర్చుంది.

మా ఆయన పెన్ను తీసి, బల్లమీది ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలోంచి అత్తయ్య అంది. "ఒరేయ్, ఆ పెన్ను చేతిలో పెట్టుకుని ఎంతసేపు చూస్తావు? ఆవిడకు తిరిగి వెళ్ళే బస్సు ఉండదు."

ఆయన సంతకం పెట్టాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళి, రేపు కోర్టుకు ఉండిపొమ్మని పెద్దమ్మకూ పంతులుకూ పడకలు వేసింది.

*

మర్నాడు కోర్టులో ముందువరసలో నేను నిలబడ్డాను. మా ఆయన గౌను లేకుండా వెనక బెంచీలో పెద్దమ్మ పక్కన కూర్చున్నాడు. చొక్కాలో ఆయన్ని అక్కడ చూసి బెంచి గుమాస్తా కూడా గుర్తుపట్టలేదు.

ప్రభుత్వ ప్లీడరు సంబరంగా లేచాడు. "మూడు వారాల కిందట భర్తగారు అవునన్నారు. ఇవాళ భార్యగారు కాదంటున్నారు. ఇంట్లో తేల్చుకోవాల్సిన తగవు కోర్టుకు తెచ్చారండీ." అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

జడ్జిగారు నవ్వలేదు. అఫిడవిట్ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి వెనక బెంచీ వైపు చూశారు.

"ఇది నిజమేనా?"

మా ఆయన లేచాడు. "నిజమేనండీ. నేను వాళ్ళను అడగలేదు."

"దీని ఫలితం మీకు తెలుసుగా?"

"తెలుసండీ."

మా ఆయన మీద చర్యకు రాయమని జడ్జిగారు గుమాస్తాకు చెప్పారు. అంతే, అంతటి పేరూ అంత చిన్న వాక్యంతో పోయింది.  వాన పడేదాకా గడువివ్వమన్నాను. ఊరంతా దిగొస్తుంది, కావాలంటే కోర్టు తరఫున ఎవర్నైనా పంపి సభ చూడమన్నాను. బతిమాలాను అంటే సరిపోతుంది.

"వాన ఎప్పుడు పడుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు" అన్నారు జడ్జిగారు. గొంతులో విసుగు లేదు. "కాదంటే ఎత్తేస్తానని ఆ రోజన్నాను, ఈ అఫిడవిట్ చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక పని చేద్దాం. పిటిషనరు ఇక్కడే ఉన్నారుగా? ఆమెనే అడుగుతాను. ఊరికి పెద్ద అంటున్నారు. ఆమె ఏం చెబితే అది రాసుకుంటాను."

నా గుండె ఎగిరి గంతేసింది. ప్రభుత్వ ప్లీడరు ముఖం మాడిపోయింది. ఒక్క మాటతో అంతా దక్కుతుంది. ఆ మాట నిజం కూడా. లోయ వదిలిపోవడం ఆ ఊళ్ళో ఎవరికి ఇష్టం ఉంటుంది?

పెద్దమ్మ బోను ఎక్కింది. పక్కన పంతులు.

"అమ్మా, లోయ వదిలి వెళ్ళడం మీ ఊరివాళ్ళకు ఇష్టమేనా?"

పంతులు అడిగాడు. ఆమె చెప్పింది.

"తనకు ఇష్టం లేదంటోందండీ."

"మంచిది. మరి మిగతావాళ్ళకు?"

ఈసారి ఆమె ఆలోచించింది.  తర్వాత చెప్పింది.

"వాళ్ళు కొండమీద ఉన్నారు, వచ్చాక అడగాలి అంటోందండీ."

"మీరు పెద్దవారు కదమ్మా. మీకు తెలియదా? వాళ్ళందరి తరఫునా మీరే చెప్పండి. ఇష్టం లేదని మీరంటే, అందరిదీ అదే మాటని రాసుకుని స్టే ఉంచుతాను."

పంతులు అది వాళ్ళ భాషలో చెప్పడమే కాదు, ఇంకేదో కూడా కలిపి బతిమాలుతున్నాడని అతని గొంతే చెబుతోంది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. చెప్పు తల్లీ, చెప్పు, చెప్పు అని లోపల గోల పెడుతున్నాను. వెనక బెంచీ నుంచి మా ఆయన గొంతు సన్నగా వినబడింది. "పంతులూ, అందరికీ ఇష్టం లేదంటోందని చెప్పెయ్. ఎవరికి తెలుస్తుంది? చెప్పెయ్ బాబూ."

పంతులు ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపలేకపోయాను, నిలువుగానూ ఊపలేకపోయాను. అతను జడ్జిగారి వైపు తిరిగాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి.

"తన మాట తాను చెప్పానంటోందండీ. వాళ్ళ మాట తన దగ్గర లేదంటోంది."

జడ్జిగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. అభ్యంతరం చెప్పిన ఈ ఒక్క పిటిషనరు ఇంటి వరకు స్టే కొనసాగుతుందని, మిగతావారి విషయంలో ఆధారం లేనందున స్టే తొలగించడమైనదని చెప్పి రాయించారు. ఆ జడ్జిగారిని తిట్టుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఆయన అడిగారు, ఆమె చెప్పింది, చెప్పింది చెప్పినట్టే రాశారు.

వరండాలోకి వచ్చాక మా ఆయన ఆగలేకపోయాడు. పెద్దమ్మ ముందు చేతులు జోడించి కేకలు వేశాడు.

"ఒక్క మాట పెద్దమ్మా! ఒక్క మాట! అది అబద్ధం కూడా కాదే! వాళ్ళు వచ్చినా అదే కదా చెప్పేది! ఒక్క మాటతో ఊరు నిలిచేది కదమ్మా!"

పంతులు తిప్పి చెప్పాడు. పెద్దమ్మ అక్కడున్న బల్లమీద కూర్చుంది.  అంతసేపూ గట్టిగా ఉన్న మనిషి కళ్ళవెంట ధారగా నీళ్ళు కారడం అప్పుడే చూశాను.

"వాళ్ళు అదే చెబుతారేమో, నాకు తెలీదు అంటోంది" అన్నాడు పంతులు. కాస్త ఆగి మిగతాది చెప్పాడు. "అడక్కుండా నువ్వొకసారి చెప్పావుగా నాయనా, మళ్ళీ నన్నూ చెప్పమంటావా అంటోంది."

*

ఆ సాయంత్రమే మా ఆయనా పంతులూ బయల్దేరి కొండలెక్కారు. జీవితంలో మేడమెట్లు తప్ప ఏమీ ఎక్కని మనిషి, కాళ్ళు బొబ్బలెక్కి రక్తం కారేలా తిరిగాడు. ఒక్కో గుంపునూ వెతికి పట్టుకుని, ఒక్కో మనిషినీ అడిగి వేలిముద్ర తెద్దామని. మొదటి గుంపు దొరికింది. మిగతా గుంపుల కోసం కొండ అవతలికి దిగారు.

ఈలోగా లోయలోకి యంత్రాలు వచ్చాయి. ఉత్తర్వు పట్టుకుని నేను వెళ్ళేసరికి ఊరి ఒకవైపు అప్పటికే నేలమట్టమైంది. అడ్డం నిలబడ్డాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. నా చేతిలోంచి కాగితం తీసుకుని శ్రద్ధగా చదివాడు.

"కోర్టు ఉత్తర్వంటే మాకు గౌరవమమ్మా. ఏ ఇల్లు?"

చూపించాను. ఆ ఇంటి చుట్టూ తాడు కట్టించాడు. కావలికి ఒక కానిస్టేబుల్‌ని పెట్టాడు. తాడు లోపల పెద్దమ్మ పిల్లల్నందర్నీ దగ్గరికి లాక్కుని, మిగతా ముసలివాళ్ళ మధ్య కూర్చుంది. తాడు బయట సాయంత్రానికి ఏమీ మిగల్లేదు. నేను చదివిన చదువు, నేను రాసిన రాత, మేమిద్దరం కలిసి ఇన్నేళ్ళూ చేసిన పని అంతా కలిపి ఒక తాడంత అయింది. ఆ రోజు నాకు బతకాలనిపించలేదు. అలా చెబితే అతిగా ఉంటుందేమో, కానీ ఉన్నమాట అదే.

వాన ఆ తర్వాత పడింది. ఎంతో తర్వాత కూడా కాదు.

ఒక్కో గుంపూ తడుస్తూ దిగింది. తలమీద జిగురు మూటలు, తేనె కుండలు. వంపు తిరిగి లోయ కనబడగానే అక్కడే నిలబడిపోయేవాళ్ళు. కొందరు తమ ఇల్లు ఉన్న చోటికి పోయి, మట్టిలో చేత్తో కెలికి చూసుకున్నారు. చివరి గుంపుతో మా ఆయన వచ్చాడు. గడ్డం పెరిగి, సగానికి సగమై ఉన్నాడు. సంచిలో వేలిముద్రల కాగితాలు వానకు ముద్దయిపోయాయి. ఆయన ఊరివైపు చూశాడు, సంచి అక్కడే వదిలేశాడు.

అందరూ వచ్చారని తేలాక పెద్దమ్మ వాకిట్లో సభ పెట్టారు. తాడు తీసెయ్యాలా వద్దా అని కానిస్టేబుల్ నన్నడిగాడు. తర్వాత తనే తీసేశాడు.

వానలోనే కూర్చున్నారు. లోయ వదిలి వెళ్ళడం ఇష్టమేనా అని పెద్దమ్మ ఒక్కొక్కరి ముందుకూ వెళ్ళి అడిగింది. ఒక్కొక్కరూ చెప్పారు. పంతులు నా చెవిలో చెబుతుంటే నేను గొడుగు కింద రాసుకున్నాను. ఎక్కువమంది వద్దన్నారు. కొందరు, ఇక్కడ ఇంకేం మిగిలిందని, ఆ ఇచ్చే భూమికే పోతామన్నారు. ఒక ముసలాయన అసలు ఏమీ చెప్పనన్నాడు, అదీ రాశాను. ఒక్కొక్కరు చెప్పడం కాగానే సభ మొత్తం కలిసి ఒక చిన్న మాట అంటోంది. పోయిన వానాకాలం సభలోనూ విన్నాను, అదేమిటని ఇప్పుడడిగాను.

"విన్నాం అని" అన్నాడు పంతులు. "మంచిదనీ అనరు, చెడ్డదనీ అనరు. విన్నామంటారు."

అందరిదీ అయిపోయింది. నేను కాగితాలు సర్దుతున్నాను. పెద్దమ్మ వాకిలి చివరకు నడిచింది. అక్కడ ఎవరికీ కనబడకుండా, తడిసిన గోడకు ఆనుకుని మా ఆయన కూర్చున్నాడు. ఆమె ఆయన ముందు నిలబడి, మిగతావాళ్ళను అడిగిన మాటే అడిగింది.

ఆయన బిత్తరపోయి పంతులు వైపు చూశాడు. "నన్నెందుకు? నేనీ ఊరివాణ్ణి కాదుగా!"

పంతులు ఆమెను అడిగి చెప్పాడు. "ఊరి మాట చెప్పినవాడు ఊరివాడేనట సార్. మిమ్మల్ని అడగకపోతే సభ పూర్తవదట."

కోర్టుల్లో గంటలకొద్దీ మాట్లాడిన మనిషికి నోరు పెగల్లేదు. పెద్దమ్మ తొందరపెట్టలేదు. వానలో అంతమందీ ఆయన కోసం ఆగారు.

"నాకు ఇష్టం లేదు" అన్నాడు చివరికి. "ఆ రోజూ లేదు."

పంతులు వాళ్ళ భాషలో చెప్పాడు. ఇళ్ళు పోయిన ఆ ఊరంతా, అందరికీ అన్నట్టే ఆయనకూ ఆ చిన్న మాట అంది. మా ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.